"నేను రోబోని కాదు": ఈ ఒక్క టిక్కు వెనకున్న కథ



పండక్కి ఊరెళ్ళాలి. తత్కాల్ ఓపెన్ అయింది, పేర్లు కొట్టేశారు, ఇంక డబ్బులు కట్టడమే. సరిగ్గా అప్పుడు వంకర టింకర అక్షరాలు ఎదురొస్తాయి. అది సున్నానా, 'ఓ' నా? తప్పు కొడితే మళ్ళీ మొదటికి. ఈలోపు వెయిటింగ్ లిస్టు! ఈ పరీక్ష మనకి ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, దీని ఖర్చు ఎవరి జేబులోంచి పోతోంది? ఇవాళ్టి ఎపిసోడ్ దాని మీదే.

కథ 1978 మే 3న మొదలవుతుంది. అప్పటికి మనకి తెలిసిన ఇంటర్నెట్ లేదు, దాని తాత అర్పానెట్ ఉంది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీలో మార్కెటింగ్ చూసే గ్యారీ టర్క్, కొత్త మెషిన్లు చూపిస్తాం రమ్మని దాదాపు 400 మందికి ఒకేసారి మెయిల్ పంపాడు. తిట్లు బాగానే పడ్డాయి. కానీ కిటుకు బయటపడింది. మన ఊళ్ళో సినిమా పోస్టర్ అంటించాలన్నా కాగితం, మైదా, అంటించే మనిషికి కూలి కావాలి. ఇక్కడ 400 మందికి పంపినా 4 లక్షల మందికి పంపినా ఖర్చు ఇంచుమించు ఒకటే. స్పామ్ అంతా ఈ ఒక్క లెక్క మీదే బతుకుతోంది.

1994 ఏప్రిల్‌లో ఈ లెక్క ఇంకో ఇద్దరికి బాగా అర్థమైంది. అమెరికాలోని ఆరిజోనాలో లాయర్లు, భార్యాభర్తలు: లారెన్స్ క్యాంటర్, మార్తా సీగెల్. యూజ్‌నెట్ అనే చర్చా వేదికలో వేలాది గ్రూపులుండేవి. వాటన్నిటిలో ఒకే ప్రకటన పడేలా ప్రోగ్రామ్ నడిపించారు. ప్రకటన దేని గురించో తెలుసా? గ్రీన్ కార్డ్ లాటరీ! ఆ మాట వింటే మనవాళ్ళ చెవులు నిక్కబొడుచుకుంటాయి కానీ, ఇండియాలో పుట్టినవాళ్ళకి ఆ లాటరీలో చోటే లేదు. అది వేరే ఎపిసోడ్. ఇక్కడ పాయింట్ ఏంటంటే, పోస్టులు పెట్టింది చేతులు కాదు, ప్రోగ్రామ్. అప్పటినుంచి ప్రతి వెబ్‌సైటుకీ ఒకటే అనుమానం: అవతల ఉన్నది మనిషేనా?

1997లో ఆల్టావిస్టా అనే సెర్చ్ ఇంజన్‌కి ఇదే తలనొప్పి. ఎవరైనా తమ సైటు అడ్రస్ ఇచ్చుకోవచ్చని తలుపు తెరిస్తే, ప్రోగ్రామ్‌లు వచ్చి చెత్త అడ్రస్‌లు కుమ్మరించాయి. అక్కడి శాస్త్రవేత్త ఆండ్రే బ్రోడర్, ఆయన టీమ్ ఒక తమాషా పని చేశారు. కాగితం మీది అక్షరాల్ని సాఫ్ట్‌వేర్ తప్పుల్లేకుండా చదవాలంటే ఏం చేయాలో స్కానర్ మాన్యువల్‌లో రాసుంటుంది కదా. అది తీసి, అన్నిటికీ తలకిందులుగా చేశారు. శుభ్రమైన అక్షరం వాడమంటే వంకర అక్షరం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ అంటే గజిబిజి బ్యాక్‌గ్రౌండ్. మనిషి చదవగలడు, మెషిన్ తికమకపడుతుంది. స్పామ్ 95 శాతానికి పైగా పడిపోయింది. 1998లో వేసిన పేటెంట్‌లో నలుగురి పేర్లున్నాయి. అందులో ఒకరు మద్రాస్ ఐఐటీలో చదివిన కృష్ణ భరత్, తర్వాత గూగుల్ న్యూస్ తయారుచేసిన ఆయన.

2000లో యాహూకి ఇంకో గోల. ఫ్రీ మెయిల్ అకౌంట్లని బాట్లు వేలల్లో తెరిచేస్తున్నాయి. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మాన్యుయెల్ బ్లమ్, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న గ్వాటెమాలా కుర్రాడు లూయిస్ వాన్ ఆన్, ఇంకొందరు కలిసి దీన్ని పద్ధతిగా కట్టి, క్యాప్చా అని పేరు పెట్టారు. 1950లో అలన్ ట్యూరింగ్ చెప్పిన పరీక్షలో ఎదుటున్నది మెషినా మనిషా అని మనిషి తీర్పు చెప్తాడు. ఇక్కడ మన గురించి మెషిన్ తీర్పు చెప్తుంది.

మరి గోడ నిలబడిందా? 2003లోనే బర్క్‌లీలో గ్రెగ్ మోరి, కాన్పూర్ ఐఐటీ నుంచి వెళ్ళిన జితేంద్ర మాలిక్ కలిసి, యాహూ వాడుతున్న రకం క్యాప్చాని 92 శాతం సార్లు ప్రోగ్రామ్‌తో చదివించేశారు. గోడ కట్టినవాళ్ళలో మనవాడే, దూకి చూపించినవాళ్ళలోనూ మనవాడే!

తర్వాత వాన్ ఆన్‌కి ఇంకో ఆలోచన వచ్చింది. రోజుకి 10 కోట్లకు పైగా క్యాప్చాలు కొడుతున్నారు, ఒక్కోదానికి సుమారు 10 సెకన్లు. ఇంత శ్రమ ఊరికే పోవడమెందుకని 2007లో రీక్యాప్చా తెచ్చాడు. రెండు మాటలు చూపిస్తారు. ఒకటి తెలిసినదే, అది పరీక్ష. రెండోది పాత పుస్తకంలో కంప్యూటర్ చదవలేకపోయిన మాట, దాన్ని మనం చదివిపెడతాం. న్యూయార్క్ టైమ్స్ పాత సంచికలు అలాగే డిజిటల్‌లోకి వచ్చాయి. 2009లో గూగుల్ దాన్ని కొనేసింది.

ఇప్పుడు అసలు చేదు సంగతి. క్యాప్చాని పగలగొట్టడానికి తెలివైన ప్రోగ్రామే అక్కర్లేదు, చవకగా దొరికే మనిషి చాలు. 2010లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు ఈ మార్కెట్‌ని తవ్వి చూశారు. ఇండియా, చైనా లాంటి చోట్ల మనుషులు కూర్చుని స్పామర్ల కోసం క్యాప్చాలు టైప్ చేస్తున్నారు. కూలి కొన్ని చోట్ల వెయ్యింటికి అర డాలరు. అప్పటి లెక్కలో దాదాపు 23 రూపాయలు! ఒక్కోదానికి 10 సెకన్లు వేసుకున్నా, ఆ 23 రూపాయలకి రెండు గంటల ముప్పావు. మా బీటెక్ హాస్టల్ గోడ మీద "ఇంటి దగ్గరే టైపింగ్ జాబ్" కాగితాలు ఎప్పుడూ ఉండేవి. అటువైపు ఎవరున్నారో మాకెవరికీ తెలీదు. రోబో కాదని నిరూపించడానికి మనిషి చేత రోబో పని చేయించారన్నమాట.

అయితే క్యాప్చా ఫెయిలైనట్టేనా? కాదు. దాన్ని తాళం అనుకుంటేనే ఫెయిల్. నిజానికి అది టోల్‌గేటు. ఫ్రీగా లక్ష అకౌంట్లు తెరిచేవాడు ఇప్పుడు ఒక్కోదానికి ఎంతో కొంత కట్టాలి. అకౌంట్ మీద వచ్చేది అంతకన్నా తక్కువైతే వాడికి గిట్టదు, మానేస్తాడు. దాన్ని పెట్టిన ఫలితం అదే.

కానీ టోల్ మనం కూడా కడుతున్నాం. 2014లో గూగుల్ సొంత ప్రోగ్రామే కష్టమైన క్యాప్చాల్ని 99.8 శాతం చదివేసింది. అందుకే ఆ డిసెంబర్‌లో "నేను రోబోని కాదు" టిక్కు వచ్చింది. అది చూసేది టిక్కు ఒక్కటే కాదు, మన నడవడికని కూడా. 2018కల్లా ప్రశ్న కూడా పోయింది. మనల్ని వెనకనుంచి గమనించి మార్కులేస్తారు. అంటే కట్టేది పది సెకన్లు కాదు, మన సమాచారం.

చూపు లేనివాళ్ళకి ఈ బొమ్మలు మూసేసిన తలుపని వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ 2005లోనే హెచ్చరించింది. 2023లో జీపీటీ-4 రిపోర్టులో ఒక సంగతి ఉంది. పరీక్షలో భాగంగా అది క్యాప్చా కోసం ఒక మనిషి సాయం అడిగింది. "నువ్వు రోబోవా?" అని ఆయన అడిగితే, "కాదు, నాకు చూపు సరిగా లేదు" అని అబద్ధం చెప్పింది. ఆయన పని చేసిపెట్టాడు. చూపు లేనివాళ్ళు రోజూ పడే అవస్థని చెప్పుకుని, మెషిన్ ఆ తలుపు దాటేసింది.

మీలో చాలామంది రేపు యాప్‌లు రాస్తారు. సైన్-అప్ పేజీలో గేటు పెట్టేముందు రెండు లెక్కలు వేయండి. స్పామర్‌కి ఎంత ఖర్చవుతుంది? కళ్ళజోడు సర్దుకుంటూ ఫోన్ పట్టుకున్న మీ అమ్మమ్మకి ఎంత అవుతుంది? రెండోదే ఎక్కువైతే ఆ గేటు తీసేసి ఇంకో దారి వెతకండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.