కుర్చీ పక్కన చీటీ

రెండేళ్ల కిందట ఒక కాలేజీలో స్థానిక హస్తకళల ప్రదర్శన పెట్టారు. బుడితి ఇత్తడి సామాను, పొందూరు ఖద్దరు, సీతంపేట వైపు నుంచి సవర చిత్రాలు, బొబ్బిలి నుంచి బహుమతులకిచ్చే చిన్న వీణలు... సాహిత్యంలో డాక్టరేట్ చేసింది కదా, తెలుగు తిన్నగా రాస్తుందని, వస్తువుల పక్కన పెట్టే చీటీలు రాసే పని నాకప్పగించారు. నలభై దాకా రాశాను. వాటిలో ఒకటి: "పనస కర్ర కుర్చీ. పీచుతాడు అల్లిక. తయారీ", ఆ తర్వాత ఒక మగాయన పేరు, "వడ్రంగి, ఉద్దానం."

రెండో రోజు మధ్యాహ్నం ఆ కుర్చీ ముందు ఒకామె నిలబడి ఉంది. అరవై దాటి ఉంటాయి. నన్ను చూసి "ఇందల ఏటి రాసినారమ్మా?" అని అడిగింది. చదివాను. "బాగుంది" అంది. అని, కుర్చీ కూర్చునే చోట అల్లిక మీద అరచెయ్యి పెట్టి, ఒక మూల వదులైన తాడు కొసని వేలితో లోపలికి తోసింది. ఆ తోసిన తీరు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. నాకూ తెలిసింది, కొంచెం ఆలస్యంగా. "అల్లింది మీరేనా?" అన్నాను. "మరెవలల్లుతారు?" అని నవ్వింది.

ఆ చీటీ రాసింది నేను. స్త్రీల అదృశ్య శ్రమ గురించి రెండు సెమినార్ పేపర్లు చదివిన నేను. దీని గురించి రాయాలనుకోవడానికి మొదటి కారణం ఆ సిగ్గే.

వాళ్ల ఊరు మందస మండలంలో ఉంది. పలాసలో బస్సు మారి వెళ్లాలి. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి ఆయన్ని పెద్దనాన్న అనీ ఆమెని పెద్దమ్మ అనీ రాస్తాను. నేను పిలిచిందీ అలాగే. ఇంటి ముందు తాటాకు పందిరి, అదే పనిచోటు. బాడిస, ఉలులు, చిత్రిక, మూలమట్టం, రంపాలు గోడకి వరసగా ఉన్నాయి. పెద్దనాన్న పదకొండో ఏట తండ్రి దగ్గర పనిలో కూర్చున్నాడు. మొదటి ఏడాదంతా రంపం రెండో కొస పట్టుకోవడమే. తర్వాత నాగళ్లు, బళ్ల చక్రాలు, ద్వారబంధాలు, మంచాలు. చేసినదానికి ఏడాదికొకసారి కళ్లంలో గింజలు కొలిచేవారు. ట్రాక్టర్లొచ్చి నాగలి పోయింది, బండి పోయింది. కుర్చీలు, అలమరాలు, పెళ్లి మంచాలు మిగిలాయి. తర్వాత ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. "దాన్ని తిట్టకమ్మా, మా ఇంట్లోనూ నాలుగున్నాయి" అన్నాడు, నేనేదో అనబోతుంటే.

ఆయన పని గురించి చెబుతుంటే వినాలి. కూసు బెజ్జంలో బిగుసుకోవాలంటే ఎంత వదలాలో కొలతబద్ద చెప్పదట, కర్ర చెబుతుందట. పనస కర్ర కొత్తలో పసుప్పచ్చగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రబారి గోధుమరంగులోకి తిరుగుతుంది. ఆ రంపంపొట్టు ఉడకబెట్టే బర్మా, సయాం దేశాల్లో బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు రంగు వేసేవారని నేను ఎక్కడో చదివింది చెబితే, పెద్దమ్మ "మేం పొయిలో పెట్టీసినాం గదా ఇన్నాళ్లూ" అంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేదీ ఈ కర్రతోనే, ఒకే మానులోంచి తొలిచి. ఒకప్పుడు తన తండ్రి ఏ కర్ర కావాలంటే ఆ కర్రతో పనిచేసేవాడని, తన కాలానికి తోటల్లోని పనస, మామిడి, వేప, తాడి మాత్రమే మిగిలాయని పెద్దనాన్న అన్నాడు. ఎందుకని అడిగితే కొండవైపు చెయ్యి చూపించి "అడివి మనది కాదు గదా" అన్నాడు.

ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. అడవి ఎవరిదన్న ప్రశ్న మీదే ఆ ఊళ్లకు దగ్గర్లో ఒక స్త్రీ చనిపోయింది.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక కూడా మద్రాసు వైపే ఉండిపోయిన జమీందారీల్లో మందస ఒకటి. నాగలికి కర్ర కావాలన్నా, ఇంటికి వాసం కావాలన్నా, పొయ్యికి పుల్ల కావాలన్నా జమీందారు అడవే. 1940 మార్చి చివర్లో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. రాహుల్ సాంకృత్యాయన్‌ని అధ్యక్షుడిగా ఎన్నుకున్న సభలవి. ఆ సభల వేడి తగ్గకముందే మందస రైతులు జమీందారు అడవిలోకి వెళ్లి కర్ర కొట్టి తెచ్చుకున్నారు. అరెస్టులు చేయడానికి పోలీసులు గుడారి రాజమణిపురం వస్తే ఊరు అడ్డం నిలబడింది. ఏప్రిల్ 1న జరిగిన కాల్పుల్లో సాసుమాన గున్నమ్మ, ఆమెతోపాటు మరికొందరు చనిపోయారు. ఆమె అప్పటికి గర్భవతి.

మనం ఆమెను వీరగున్నమ్మ అంటాం. ఆ "వీర" అనే మాట మీద నాకు గౌరవం ఉంది, అనుమానమూ ఉంది. పోలీసులకు ఎదురు నిలిచిన ఒక్క రోజుని ఆ మాట చెబుతుంది. అంతకుముందు ప్రతిరోజూ పుల్లల కోసం ఆ అడవిలోకి నడిచిన ఆడవాళ్ల కాళ్లని అది చెప్పదు. కర్ర అనగానే నాగలి, బండి గుర్తొస్తాయి, రైతు పోరాటం అంటాం. పొయ్యి గుర్తురాదు. అడవి మూతపడితే ముందు తెలిసేది పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లకే కదా? తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీల మాటలు రికార్డు చేసి స్త్రీశక్తి సంఘటన 1986లో "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చింది. రాజమణిపురంలో ఆ రోజు నిలబడిన ఆడవాళ్లని కూడా అలా కూర్చోబెట్టి అడిగి ఉంటే, కర్ర దేనికి కావాల్సొచ్చిందో వాళ్ల నోటే వినేవాళ్లం.

1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. అడవి మాత్రం ఊరికి రాలేదు. జమీందారు గుమాస్తా పోయి ఫారెస్టు గార్డు వచ్చాడు. వడ్రంగి తోటల మీద ఆధారపడ్డాడు. ఉద్దానం అంటే ఉద్యానవనమే అంటారు. కొబ్బరి, జీడి, పనస ఒకదాని నీడలో ఒకటి పెరిగే నేల.

ఆ నేల మీద 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారేసరికి తోటలు నేలమీద పడుకుని ఉన్నాయి. కొబ్బరి చెట్టు మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది, పనస మాను చేవదేరాలంటే ఒక తరం. ఆ నెలల్లో పనస కర్ర వంటచెరుకు ధరకి పోయిందట. బయటి వ్యాపారులు లారీలతో వచ్చారు. పెద్దనాన్న దగ్గర కొనడానికి డబ్బులేదు. పెద్దమ్మ తన పుస్తెల తాడు కుదువబెట్టి మూడు మానులు కొనిపించింది. "తోట పోనాది, కర్రైనా మిగలాల గదా" అంది. ప్రదర్శనలో పెట్టిన కుర్చీ ఆ మూడింట్లో ఒకదానిది. నా చీటీలో "పనస కర్ర" అని రెండు ముక్కలున్నాయి. ఆ కర్ర ఎవరు కొన్నారో లేదు.

ఇక ఆమె పని. తెల్లారగట్ల లేచి పీచు నానబెట్టడం, కొట్టడం, తొడ మీద పేని సన్నతాడు తియ్యడం. కుర్చీ అల్లిక, మంచం నులక. చిత్రిక పట్టిన కర్రని గరుకు కాగితంతో మూడుసార్లు రుద్దడం. చపడా స్పిరిట్లో కలిపి గుడ్డ ఉండతో పూత మీద పూత వెయ్యడం. బేరం కూడా ఆమే మాట్లాడుతుంది, ఆయనకి మొహమాటం. "ఉలి మాత్రం ముట్టను. ఆడది ముట్టకూడదంటారు" అంది. దసరాకి ఆ పనిముట్లన్నీ కడిగి పసుపు పూసేదెవరని అడిగాను. "నానే." అది ముట్టడం కిందకి రాదన్నమాట! 1909లో థర్‌స్టన్ ఏడు సంపుటాల్లో దక్షిణాది కులాల గురించి రాసినప్పుడు కంసాలుల ఐదు వృత్తుల్లో వడ్రంగం గురించీ చెప్పాడు. ఆ ఐదూ మగవాళ్ల చేతులే. ఆయన్ననేముంది, వందేళ్ల తర్వాత నేను రాసిందీ అదే. నా పరిశోధన కోసం శ్రీకాకుళం కథానిలయంలో నెలల తరబడి కూర్చుని కథలు చదివాను. వాటిలో వడ్రంగి వచ్చిన చోటల్లా అతని భార్య అంబలి గిన్నె పట్టుకుని వచ్చి, పెట్టి, వెళ్లిపోతుంది. నేనూ ఆమెను అక్కడే వదిలి పేజీ తిప్పాను.

మంచం కోళ్ల కింద నల్లగా ఏదో పూసి ఉంటే అడిగాను. జీడి నూనె. చెద పట్టదు. పడవలకీ పూస్తారు. పెద్దమ్మ తన వేళ్లు చూపించింది. కొసల్లో చర్మం నునుపుగా, వేలిముద్రలు అరిగిపోయి ఉన్నాయి. పెళ్లికి ముందూ, పిల్లలు పుట్టాకా కలిపి పద్దెనిమిదేళ్లు పలాసలో జీడిపిక్కలు కొట్టింది, పప్పు వొలిచింది. పిక్క పెంకులోని ఆ నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిద రాసుకుని, ఆముదం రాసుకుని పనిచేసేవారు. పప్పు చెక్కు చెదరకుండా రావాలి. పౌనుకి ఎన్ని గుండు పప్పులు తూగుతాయో లెక్కపెట్టి డబ్ల్యూ 180, 210, 240, 320 అని తరగతులు కట్టి ఎగుమతి చేస్తారు. పలకకి ఒక గ్రేడు ఉంది, బద్దకి ఒక గ్రేడు ఉంది. వొలిచినామెకి కిలో లెక్కన కూలి ఉంది. కర్రని చెద నుంచి కాపాడే నూనే ఈ వేళ్లని తినేసింది. ఆధార్ యంత్రం మీద ఆమె వేలు పడదు. రేషను దగ్గర ప్రతినెలా అదో గొడవ.

నాలుగేళ్లుగా పెద్దనాన్నకి కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఈ మాట చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ తేల్చి చెప్పలేకపోయారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రంతో ఆసుపత్రి ప్రారంభించారు, ఊళ్లకి శుద్ధి చేసిన నీళ్లిచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. వారానికి మూడు రోజులు ఆయన డయాలసిస్‌కి వెళ్తాడు. వెళ్లని రోజుల్లో కూర్చుని గీత గీస్తాడు, కూసు కొలత చెబుతాడు. కోసేది కొడుకు, వాడు సెలవుకి వచ్చినప్పుడు మాత్రమే. అసలు పని గుజరాత్‌లో. మిగతాదంతా ఆమె. పందిరి కింద వంగి బాడిస పట్టుకుని కర్ర చెక్కుతుండగా చూశాను. "ఉలి ముట్టనన్నారు కదా?" అంటే, "ఇది ఉలి కాదు, బాడిస" అంది. ముగ్గురం నవ్వాం.

2023 సెప్టెంబర్ 17న కేంద్ర ప్రభుత్వం పి.ఎం. విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. పద్దెనిమిది చేతివృత్తులు, అందులో వడ్రంగం ఉంది. పనిముట్లకు 15 వేల రూపాయల వరకు సాయం, పూచీకత్తు లేకుండా ముందు లక్ష, తర్వాత రెండు లక్షల దాకా అప్పు, గుర్తింపు కార్డు. మంచిదే. అయితే కుటుంబానికి ఒక్కరే నమోదు కావాలి. కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. వాళ్లింట్లో ఆ ఒక్కరూ ఎవరో చెప్పక్కర్లేదు. ఇప్పుడు కార్డున్న ఆయన పని చెయ్యలేడు, పని చేసే ఆమెకి కార్డు లేదు, అడిగితే "మీ ఇంట్లో ఇప్పటికే ఒకరున్నారు" అంటారు. ఈ నిబంధన ఎవరో పగబట్టి రాసిందని నేననుకోను. నా చీటీ లాగే, ఎవరో ఒక మధ్యాహ్నం తిన్నగా కూర్చుని రాసి ఉంటారు. వృత్తి ఇంటికొకటే కదా అనుకుని. కానీ పొందూరులో వడికే ఆడవాళ్లని, నేసే మగవాళ్లని ఒకే ఇంటి లెక్కలో కలిపేస్తే ఖద్దరు ఎలా తయారవుతుందో అర్థమవుతుందా? వాలుగ చేప దవడతో దూది ఏకి, గింజ తీసి, సన్ననూలు తీసేదాకా అదంతా ఆడవాళ్ల పని. ప్రదర్శనలో మాత్రం మగ్గం పెడతాం. చూడ్డానికి పెద్దగా ఉంటుంది.

మళ్లీ ప్రదర్శన పెడుతున్నారని ఈ సంక్రాంతి తర్వాత కబురొచ్చింది. చీటీలు మళ్లీ నాకే. ఈసారి ముందే వెళ్లి పెద్దమ్మని అడిగాను, మీ పేరు కూడా రాస్తాను, ఇద్దరిదీ పక్కపక్కన, అని. నేనేదో ఇస్తున్నట్టు అడిగాననుకుంటా. ఆమె తాడు పేనడం ఆపలేదు.

"పేరెందుకమ్మా, పేరు సూసి ఎవలైనా డబ్బులెక్కువిస్తారా? ఎన్ని రోజులు పట్టిందో రాయి."

కూర్చుని లెక్కేశాం. కర్ర కోత, చిత్రిక, కూసులు, బిగింపు కలిపి ఆరు రోజులు. పీచు నానబెట్టడం లెక్కలోకి తీసుకోకుండా తాడుకి మూడు రోజులు, అల్లికకి రెండు, రుద్దడానికి ఒకటిన్నర, చపడా పూతలకి ఆరబెట్టుకుంటూ రెండు. ఎనిమిదిన్నర. పెద్దనాన్న మంచం మీంచి "నాదాంట్లో కూడా నువ్వు కొట్టిన బాడిస పని ఉంది గదా, ఒక రోజు అటేసుకో" అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. చాలాసేపు వాదించుకున్నారు. చివరికి అర రోజు దగ్గర తెగింది.

చీటీ ఇలా రాశాను: "పనస కర్ర కుర్చీ. 2018 తిత్లీకి పడిన చెట్టు. వడ్రంగం అయిదున్నర రోజులు, తాడు, అల్లిక, మెరుగు, చెక్కడం తొమ్మిది రోజులు." కింద ఇద్దరి పేర్లూ రాశాను, ఆమె వద్దన్నా. నిర్వాహకులు చీటీ పొడుగైందన్నారు, మిగతావాటితో సమానంగా లేదన్నారు. మిగతా ముప్ఫై తొమ్మిదీ మళ్లీ రాయాల్సి ఉంటుందని చెప్పాను. బుడితి నుంచి మొదలుపెట్టాను. మట్టిమూసకి పేడ కలిపి పిసికేదెవరో అడగడానికి వచ్చే ఆదివారం వెళ్తున్నాను.