అందని ఉత్తరం ఎక్కడికి పోతది? తపాలా నుంచి అపాచీ కామెల్ దాకా

ఇవాళ్టి ముచ్చట కోడింగ్ గురించే. కానీ కంప్యూటర్ దగ్గర కాదు, పెద్దవంగర దగ్గర మొదలుపెడదాం.

2016 అక్టోబర్ 11న తెలంగాణలో కొత్త జిల్లాలు, కొత్త మండలాలు వచ్చాయి. అంతకుముందు పెద్దవంగర వరంగల్ జిల్లా కొడకండ్ల మండలంలో ఒక ఊరు. ఆ రోజు నుంచి అదే మండల కేంద్రం, జిల్లా మహబూబాబాద్. కొడకండ్లేమో జనగామ జిల్లాలోకి పోయింది. ఊరు అంగుళం కూడా కదల్లేదు. కానీ అడ్రస్‌లో మండలం మారింది, జిల్లా మారింది.

ఇప్పుడు ఒక ప్రశ్న. పాత అడ్రస్ రాసిన ఉత్తరం ఏమైతది? పాత జిల్లా పేరుతో ఉన్న ఒక రికార్డు, కొత్త జిల్లా పేరు మాత్రమే తెలిసిన ఇంకో సిస్టమ్‌కు పోతే ఏమైతది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడం మనుషులు కంప్యూటర్ల కంటే చాలా ముందే మొదలుపెట్టారు.

కొంచెం వెనక్కి పోదాం. మన ప్రాంతం అప్పట్లో నిజాం పాలనలో ఉండేది. హైదరాబాద్ రాజ్యానికి సొంత తపాలా శాఖ ఉండేది, 1869లో సొంత స్టాంపులు కూడా వచ్చాయి. అయితే ఆ స్టాంపు రాజ్యం లోపల మాత్రమే చెల్లేది. బయటికి, అంటే బ్రిటిష్ ఇండియాకు ఉత్తరం పంపాలంటే వాళ్ళ స్టాంపు కావాలి. ఒకే దేశంలో రెండు తపాలాలు, రెండు రకాల నియమాలు. ఒక సిస్టమ్ మాట ఇంకో సిస్టమ్‌కు అర్థం కాదన్నమాట. సాఫ్ట్‌వేర్‌లో ‘ఇంటిగ్రేషన్’ అంటాం చూశారూ, ఆ తలనొప్పి అప్పుడే ఉంది. 1950లో హైదరాబాద్ తపాలా భారత తపాలాలో కలిసిపోయాక ఆ గోల తీరింది.

అయినా ఇంకో సమస్య మిగిలింది. ఒకే పేరుతో బోలెడు ఊళ్ళు, పది భాషల్లో చేతిరాతలు. అందుకే 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది. దాని వెనక ఉన్న పెద్దమనిషి శ్రీరామ్ భికాజీ వేలంకర్, తపాలా అధికారి, సంస్కృత కవి కూడా. ఆరు అంకెలు. మొదటి అంకె 5 అయితే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక వైపు. మొదటి మూడంకెలు చూస్తే ఏ సార్టింగ్ జిల్లాకు పోవాలో తెలిసిపోతది. ఇక్కడ జిల్లా అంటే తపాలా వాళ్ళు గీసుకున్న జిల్లా, రెవెన్యూ జిల్లా కాదు. రెవెన్యూ గీతలు మారినంత మాత్రాన పిన్‌కోడ్ మారదు. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

మరి ఎంత వెతికినా మనిషి దొరకకపోతే? పోస్ట్‌మ్యాన్ ఉత్తరాన్ని చించి పారేయడు. కవరు మీద పంపినవాళ్ళ అడ్రస్ ఉంటే వాళ్ళకు తిరిగి పోతది. అది కూడా లేకపోతే ప్రత్యేకంగా ఒక ఆఫీసుకు చేరుతది. ఇంగ్లండ్‌లో 1784లోనే ఇలాంటి ఆఫీసు పెట్టారు. పేరు ‘డెడ్ లెటర్ ఆఫీస్’. మన దేశంలోనూ అదే పేరుతో ఉండేది, తర్వాత ‘రిటర్న్‌డ్ లెటర్ ఆఫీస్’ అయింది. అక్కడ మాత్రమే ఉత్తరం తెరిచి, లోపల ఎవరి ఆచూకీ అయినా దొరుకుతదా అని చూస్తారు.

ఇక కంప్యూటర్లలోకి వద్దాం. 2003లో గ్రెగర్ హోప్, బాబీ వుల్ఫ్ కలిసి ‘ఎంటర్‌ప్రైజ్ ఇంటిగ్రేషన్ ప్యాటర్న్స్’ అనే పుస్తకం తెచ్చారు. వేర్వేరు సాఫ్ట్‌వేర్లు మెసేజీలతో మాట్లాడుకోవడానికి 65 పద్ధతులు రాశారు. అందులో ఒకదాని పేరు ‘డెడ్ లెటర్ ఛానల్’. పేరు తపాలాదే, పని కూడా తపాలాదే: అందని మెసేజ్‌ను పారేయకు, పక్కన భద్రంగా పెట్టు.

ఆ పుస్తకంలోని పద్ధతుల్ని నేరుగా కోడ్‌లో రాసుకునేలా 2007లో ‘అపాచీ కామెల్’ మొదటి వెర్షన్ వచ్చింది. జావాలో రాసిన ఓపెన్ సోర్స్ ఫ్రేమ్‌వర్క్. మొదలుపెట్టినవాళ్ళలో ముఖ్యుడు జేమ్స్ స్ట్రాకన్, గ్రూవీ భాషను పుట్టించింది కూడా ఆయనే. కామెల్‌లో అసలు విషయం ‘రూట్’. ఫలానా చోటు నుంచి మెసేజ్ తీసుకో, మధ్యలో ఈ పని చెయ్, ఫలానా చోట ఇచ్చెయ్. మన బస్సు రూటు లాంటిదే. జావాలో రాయొచ్చు, ఎక్స్ఎంఎల్‌లో రాయొచ్చు, 3వ వెర్షన్ కాలం నుంచి యామెల్‌లో కూడా రాయొచ్చు.

ఇక్కడ రెండు రకాల తప్పులు వేరువేరుగా చూడాలి. కొత్తవాళ్ళు కలిపేసేది ఇక్కడే.

మొదటిది, రూట్ లోడ్ అయ్యేటప్పుడు వచ్చే తప్పు. అంటే బస్సు డిపో దాటకముందే. మామూలుగా ఒక్క రూట్ తప్పుగా ఉన్నా కామెల్ మొత్తం స్టార్ట్ కాకుండా ఆగిపోతది. కోపం వస్తది, కానీ అది మంచికే. సగం రూట్లతో నడుస్తూ అంతా బాగుందని అనిపించడం కంటే మొదట్లోనే ఆగడం నయం. రూట్ సరిగ్గానే రాశాం, అవతలి సర్వర్ మాత్రం ఇంకా లేవలేదు అనుకోండి. దానికోసం తర్వాత ‘సూపర్‌వైజింగ్ రూట్ కంట్రోలర్’ వచ్చింది. మిగతావాటిని నడవనిచ్చి, ఆ ఒక్కదాన్ని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తది. ఇంకో నియమం: జావాలో రాసేటప్పుడు, తప్పు వస్తే ఏం చేయాలో చెప్పే ‘ఆన్ ఎక్సెప్షన్’ రూట్ల కంటే పైనే ఉండాలి. కింద రాస్తే కామెల్ లోడ్ దగ్గరే ఒప్పుకోదు.

రెండోది, దారిలో వచ్చే తప్పు. దీని చరిత్ర ఇంకా ఇంట్రెస్టింగ్. కామెల్ 1లో మనం ఏమీ చెప్పకపోయినా డెడ్ లెటర్ ఛానలే నడిచేది. 2009లో వచ్చిన కామెల్ 2 నుంచి అది మారింది. ఏమీ చెప్పకపోతే మళ్ళీ ప్రయత్నించదు, తప్పును పంపినవాళ్ళకే తిప్పి ఇస్తది. ఎందుకంటే ఎన్నిసార్లు ప్రయత్నించాలి, పోనిది ఎక్కడ దాచాలి అన్నది ఫ్రేమ్‌వర్క్ ఊహించాల్సింది కాదు, ఆ పని తెలిసిన మనిషి తేల్చాల్సింది. నెట్‌వర్క్ పోతే మూడుసార్లు ప్రయత్నించడంలో అర్థముంది. జిల్లా పేరే తప్పయితే ముప్పైసార్లు పంపినా అంతే.

ఇప్పుడు పెద్దవంగరకు తిరిగి వద్దాం. ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక పింఛన్ రికార్డులో ‘వరంగల్ జిల్లా, కొడకండ్ల మండలం’ అని ఉంది. కొత్త సిస్టమ్ జాబితాలో ఆ జిల్లాలో ఆ మండలం లేదు. రూట్ రాసినవాడు తప్పును పట్టుకుని, లాగ్‌లో కూడా రాయకుండా ‘అయిపోయింది’ అని మింగేశాడు. స్క్రీన్ మీద అంతా పచ్చగానే ఉంటది. ఇవతల ఒక అవ్వ నెలనెలా ఆఫీసు చుట్టూ తిరుగుతది. అడిగితే ‘కంప్యూటర్లో రాలేదమ్మా’ అంటరు. అదే రికార్డు డెడ్ లెటర్ క్యూలో పడి ఉంటే, ఎవరో ఒకరు పొద్దున్నే తెరిచి, జిల్లా పేరు దిద్ది, మళ్ళీ పంపేవారు. అవ్వకు బస్ చార్జీ అయినా మిగిలేది.

పిన్‌కోడ్ నేర్పిన పాఠం కూడా ఇక్కడే పనికొస్తది. ప్రభుత్వం రేపు ఇంకో గీత గీయొచ్చు. మారే పేరు మీద కాకుండా, మారని కోడ్ మీద రూట్ నడిపితే సగం తప్పులు పుట్టవు. పుట్టిన మిగతా సగానికి ఒక ఆఫీసు పెట్టాలి. ఆ ఆఫీసులో కూర్చునే మనిషి కూడా ఉండాలి. ఎవరూ తెరవని డెడ్ లెటర్ క్యూ, చెత్తబుట్ట రెండూ ఒకటే.

మీలో ఎవరైనా కామెల్ నేర్చుకుంటుంటే, ఇవాళ ఒక చిన్న రూట్ రాయండి. తర్వాత కావాలనే దాన్ని చెడగొట్టండి. మెసేజ్ ఎక్కడికి పోయిందో వెతకండి. దొరక్కపోతే, మీరు రాయాల్సిన తర్వాతి లైన్ ఏదో మీకే తెలుస్తది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి!