రొయ్యల జాతుల గుర్తింపు

ఆంధ్రప్రదేశ్ తీరంలోను, చెరువులలోను లభించే ఆహారపు రొయ్యలలో '''టైగర్ రొయ్య''', '''వనామీ రొయ్య''', '''తెల్ల రొయ్య''', '''నీలకంఠ రొయ్య''' (స్కాంపి) ముఖ్యమైనవి. ఇవన్నీ ఆర్థ్రోపోడా వర్గంలో, క్రస్టేషియన్లలోని డెకాపొడా (దశపాద) క్రమానికి చెందిన జీవులు. పైకి ఒకే విధంగా కనిపించినప్పటికీ వీటి జీవితచక్రం, పెంపక విధానం, ధర వేరువేరుగా ఉంటాయి. రంగు, పరిమాణం పరిస్థితులను బట్టి మారుతాయి. అందువలన ఉదర ఖండితాల అమరిక, కాళ్ళ నిర్మాణం, తలపై ఉండే కొమ్ము ఆధారంగా గుర్తించడం నమ్మదగిన పద్ధతి.

== పేర్లు ==

* టైగర్ రొయ్య: శాస్త్రీయ నామం పీనియస్ మోనోడాన్.
* తెల్ల రొయ్య: పీనియస్ ఇండికస్. ఈ రెండూ బంగాళాఖాతంలో సహజంగా లభిస్తాయి.
* వనామీ: పీనియస్ వనామీ. కొన్ని గ్రంథాలలో లిటోపీనియస్ వనామీ అని ఉంటుంది. మెక్సికో నుండి ఉత్తర పెరూ వరకు గల పసిఫిక్ తీరం దీని జన్మస్థానం. భారతదేశ సముద్రజలాలకు చెందినది కాదు.
* నీలకంఠ రొయ్య: మాక్రోబ్రాకియం రోజెన్‌బర్గై. ఇది మంచినీటి రొయ్య.

"స్కాంపి" అనే మాట ఐరోపాలో నార్వే లాబ్‌స్టర్ అనే సముద్రజీవికి వాడుతారు. భారతదేశ వ్యాపారంలో అదే మాటకు నీలకంఠ రొయ్య అని అర్థం. కావున పొట్లం మీద ఉన్న పేరును మాత్రమే చూసి జాతిని నిర్ణయించరాదు.

== సముద్రపు రొయ్య, మంచినీటి రొయ్య ==

మొదటి మూడు జాతులు పీనియిడే కుటుంబానికి, నీలకంఠ రొయ్య పాలిమోనిడే కుటుంబానికి చెందుతాయి. ఈ రెండు కుటుంబాలను మూడు లక్షణాల ద్వారా సులభంగా వేరు చేయవచ్చు.

'''ఉదర ఖండితాలు:''' రొయ్యను పక్కవాటుగా పట్టుకుని, పొట్ట భాగంలో ఒక్కొక్క ఖండితం పక్క రేకును పరిశీలించాలి. పీనియిడే రొయ్యలలో మొదటి ఖండితపు రేకు రెండవదానిని, రెండవది మూడవదానిని ఇంటి పెంకుల వలె వరుసగా కప్పుతాయి. నీలకంఠ రొయ్యలో రెండవ ఖండితపు రేకు వెడల్పుగా ఉండి, ముందున్న మొదటిదానిని, వెనుకనున్న మూడవదానిని కూడా కప్పుతుంది.

'''కాళ్ళు:''' పీనియిడే రొయ్యలలో మొదటి మూడు జతల నడక కాళ్ళ చివర చిన్న పట్టుకారులు ఉంటాయి. నీలకంఠ రొయ్యలో మొదటి రెండు జతలకు మాత్రమే ఉంటాయి. పెద్ద మగ రొయ్యలో రెండవ జత కాళ్ళు చాలా పొడవుగా, నీలిరంగులో ఉంటాయి. ఆడ రొయ్యలలోను, చిన్న రొయ్యలలోను ఈ కాళ్ళు అంత పెద్దవిగా ఉండవు.

'''గుడ్లు:''' నీలకంఠ ఆడ రొయ్య గుడ్లను పొట్ట కింద ఈతకాళ్ళకు అంటించుకుని మోస్తుంది. పీనియిడే రొయ్యలు గుడ్లను నేరుగా నీటిలోకి వదులుతాయి. పొట్ట కింద గుడ్ల గుత్తి ఉన్న రొయ్య టైగర్ గాని, వనామీ గాని కాజాలదు.

పెరిగిన నీటిని బట్టి జాతిని నిర్ణయించడం సరికాదు. వనామీ తక్కువ ఉప్పుదనం గల నీటిలో కూడా పెరుగుతుంది. నీలకంఠ రొయ్య నదులలో జీవించినా దాని లార్వాలకు ఉప్పు కలిసిన నీరు అవసరం. అందుకే గుడ్లు మోస్తున్న ఆడ రొయ్యలు నదీముఖాల వైపు వలసపోతాయి.

== టైగర్, వనామీ, తెల్ల రొయ్యల మధ్య భేదాలు ==

టైగర్ రొయ్య శరీరంపై ముదురు, లేత రంగు పట్టీలు అడ్డంగా ఉంటాయి. కొమ్ముపై సాధారణంగా 7 లేదా 8 పళ్ళు, కింద 3 పళ్ళు ఉంటాయి. ఇది 30 సెం.మీ.కు మించి పెరగగలదు. దీనిని పోలిన పీనియస్ సెమిసల్కేటస్ అనే జాతికి మీసాలపై (స్పర్శశృంగాలపై) కూడా చారలుంటాయి. టైగర్ రొయ్య మీసాలపై చారలుండవు.

వనామీ, తెల్ల రొయ్యలు రెండూ లేత రంగులో, పట్టీలు లేకుండా ఉండడం వలన పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. తెల్ల రొయ్య కొమ్ము కింద సాధారణంగా 4 నుండి 6 పళ్ళు, వనామీకి 2 నుండి 4 పళ్ళు ఉంటాయి. 4 పళ్ళున్నప్పుడు ఆడ రొయ్యల జననాంగాన్ని (థెలికం) పరిశీలించాలి. ఇది చివరి నడక కాళ్ళ మధ్య ఉంటుంది. తెల్ల రొయ్యలో ఇది రేకులతో మూసి ఉంటుంది. వనామీలో రేకులు లేకుండా తెరిచి ఉంటుంది.

== తల తీసిన, వండిన రొయ్యలు ==

తల తీసివేస్తే కొమ్ము, మీసాలు, నడక కాళ్ళు పోతాయి. అయినా పెంకు ఉంటే ఉదర ఖండితాల అమరిక చూసి నీలకంఠ రొయ్యను గుర్తించవచ్చు.

వండినప్పుడు రొయ్యలన్నీ ఎర్రబడతాయి. పెంకులోని అస్టాజాంథిన్ అనే వర్ణకం పచ్చి రొయ్యలో ఒక ప్రోటీనుతో కలిసి ఉంటుంది. వేడికి ఆ ప్రోటీను చెడి, వర్ణకపు అసలు రంగు బయటపడుతుంది. పెంకు కూడా ఒలిచిన మాంసాన్ని కంటితో చూసి జాతి చెప్పడం కష్టం. అప్పుడు డీఎన్‌ఏ పరీక్ష అవసరమవుతుంది.

== ప్రాముఖ్యం ==

నీలకంఠ రొయ్య తల పెద్దది. తల తీసిన తరువాత మిగిలే బరువు పీనియిడే రొయ్యలతో పోలిస్తే తక్కువ. అందువలన తలతో తూచిన ధరలను పోల్చేటప్పుడు జాతి తెలియడం కొనుగోలుదారుకు అవసరం. వ్యాపారంలో "కౌంటు" అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య. అది పరిమాణాన్ని తెలుపుతుంది గాని జాతిని తెలుపదు.

రైతులకు ఈ విషయం మరింత ముఖ్యం. 1990 దశకం మధ్యలో తెల్లమచ్చల వైరస్ వ్యాధి వలన టైగర్ రొయ్యల సాగు తీవ్రంగా నష్టపోయింది. 2009లో నిర్దిష్ట వ్యాధికారకాలు లేని తల్లి రొయ్యల ద్వారా వనామీ సాగుకు భారత ప్రభుత్వం అనుమతించింది. విదేశీ జాతి అయినందున దీని హేచరీలకు, చెరువులకు ప్రత్యేక నిబంధనలు ఏర్పడ్డాయి. అయితే వనామీకి కూడా తెల్లమచ్చల వ్యాధి సోకుతుంది. జాతి మారినంత మాత్రాన ప్రమాదం తొలగిపోదు.

రొయ్యల వలన అలర్జీ కలిగేవారికి మాత్రం ఈ భేదాలు రక్షణ కావు. అలర్జీకి ప్రధాన కారణమైన ట్రోపోమయోసిన్ అనే ప్రోటీను రొయ్యలన్నింటిలోను, పీతలలోను ఉంటుంది. వండినా అది నశించదు. ఒక జాతి పడనివారు మరొక జాతిని తిని చూడడం ప్రమాదకరం.