కోనసీమ అడుగున ఉప్పు గీత

ఇసుక దిబ్బ మీద బావి తవ్వితే మంచినీరు, పల్లంలో తవ్వితే ఉప్పునీరు, మరీ లోతుకి పోతే దిబ్బ మీదైనా ఉప్పే. కోనసీమ తీరపు ఊళ్ళలో ఈ సంగతి అందరికీ తెలిసిందే. దీని వెనకున్న లెక్క మాత్రం ఐరోపా తీరాల్లో తేలింది. 1888లో డచ్చి సైనిక ఇంజనీరు బాడన్ గైబెన్, 1901లో జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్, ఎవరికి వారే ఒకే మాట రాశారు. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. సముద్ర మట్టానికి పైన మంచినీరు ఒక అడుగు నిలిస్తే, కింద సుమారు నలభై అడుగుల మేర ఉంటుంది. అంటే తోడి తోడి ఒక అడుగు దించితే, అడుగున ఉప్పు నెమ్మదిగా నలభై అడుగులు పైకి జరుగుతుంది. భూగర్భజలాల సర్వేలో పనిచేసినన్నాళ్ళూ నన్ను భయపెట్టింది ఆ నలభయ్యే.

మొదట్లో ఉప్పు కొలవడానికి మాకు ఆధారం సిల్వర్ నైట్రేటు. సూచిక కలిపి పసుపు రంగుకి తెచ్చిన నీటి నమూనాలో దాన్ని చుక్కచుక్కగా వేస్తూ, ఇటుక రంగు తిరిగేదాకా లెక్కపెట్టాలి. అది ఆ ఒక్క బావి సంగతే చెబుతుంది. రెండు బావుల మధ్య ఏముందో తెలియాలంటే భూమిలోకి కరెంటు పంపాల్సిందే. ఫ్రాన్సులో కాన్రాడ్ ష్లంబర్జే 1912లో ఈ దారి పట్టాడు. 1915లో అమెరికాలో వెన్నర్ నాలుగు మేకుల పద్ధతి రాశాడు. బయటి రెండింటి గుండా కరెంటు, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలత. మేకులు ఎడంగా జరిపేకొద్దీ లోతు సంగతి తెలుస్తుంది. ఎండాకాలం దిబ్బ ఇసుకలో కరెంటు దిగదు, మేకు మేకుకీ చెంబుడు నీళ్ళు పోయాలి. మంచినీటి ఇసుక పదుల ఓమ్-మీటర్ల నిరోధం చూపిస్తుంది, ఉప్పునీటి ఇసుక ఒకటీ అరా. చిక్కల్లా బంకమట్టితో. అదీ తక్కువే చూపిస్తుంది కాబట్టి పక్క బావి నీళ్ళు పరీక్ష చేయనిదే ఏదీ ఖాయంగా చెప్పలేం.

1990ల్లో కేబులుకి పదుల మేకులు తగిలించి, మీటరే వాటిని మార్చుకుంటూ కొలిచే పద్ధతి వచ్చింది. 1996లో లోక్, బార్కర్ ఆ కొలతలను త్వరగా బొమ్మగా మలిచే గణితం ఇచ్చారు. మామూలుగా ఆ బొమ్మలో తక్కువ నిరోధం నీలంగా పడుతుంది.

"నీలంగా ఉన్నచోట బోరు వేయించమంటారా అండీ?" అనేవారు రైతులు.

"వద్దండి, ఉప్పు అక్కడే ఉంది."

డెల్టాలో ఆ నీలమంతా నిన్నా మొన్నా సముద్రం నుంచి చొరబడింది కాదు. వేల ఏళ్ళుగా గోదావరి ఒండ్రు పోసి సముద్రాన్ని వెనక్కి నెట్టుకుంటూ వచ్చింది. ఆనాటి ఉప్పు చాలాచోట్ల బంకమట్టి పొరల్లోనే ఉండిపోయింది. దాని మీద మంచినీటి పొరను నిలబెడుతున్నది వానతోపాటు కాలువ. ఆ కాలువకి నీరిచ్చే ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. దాన్ని కట్టించిన కాటన్‌ని మనం వరి కోసం తలుచుకుంటాం. కాలువల నుంచి, చేల నుంచి ఇంకిన నీరు బావులకి చేసిన మేలు అంతకు తక్కువేమీ కాదంటాను. వేసవిలో కాలువ కట్టేస్తే ఆ పొర పలచబడుతుంది. పైన రొయ్యల చెరువులో ఉప్పునీరు నిలిపి, పక్కనే బోరుతో మంచినీరు తోడితే ఇటు పైనుంచీ అటు కిందనుంచీ దెబ్బే.

అందుకే ఒక్కసారి తీసిన బొమ్మతో సరిపెట్టకూడదు. ఏటా అదే గీత మీద, కాలువ కట్టేశాక ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి కొలవాలి. కొత్త చెరువుకి అనుమతి అడిగినప్పుడు ఆ రెండు బొమ్మలూ పక్కనున్న తాగునీటి బావి పరీక్షతో సహా బల్ల మీద ఉండాలి.