పెరటి దుంపల చరిత్ర: కంద, పెండలం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• పెరటి పంటలు ప్రభుత్వ రికార్డులకు ఎందుకు ఎక్కలేదో వివరించగలుగుతారు.
• పంటల పేర్లు, ఆచారాలు, సాగు పద్ధతులను చారిత్రక ఆధారాలుగా ఎలా ఉపయోగించుకోవాలో తెలుసుకొంటారు.
• ఆహార భద్రతలో దుంపల పాత్రను అంచనా వేయగలుగుతారు.

1. ప్రవేశిక

ఆంధ్రదేశ వ్యవసాయ చరిత్ర అనగానే వరి, జొన్న, పత్తి, నీలిమందు మన దృష్టికి వస్తాయి. శాసనాలు, శిస్తు లెక్కలు, ఎగుమతి పట్టికలు వీటి గురించే మాట్లాడతాయి. ఇంటి వెనుక గోతిలో పెరిగిన కంద గురించి, దడి మీదకు పాకిన పెండలం తీగ గురించి ఆ పత్రాలు దాదాపు ఏమీ చెప్పవు. అంతమాత్రాన అవి ప్రజల జీవితంలో లేవని అనుకోవచ్చా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ పాఠం ఉద్దేశం.

2. రికార్డులు ఎందుకు మౌనంగా ఉన్నాయి?

మద్రాసు ప్రెసిడెన్సీలో అమలైన రైత్వారీ పద్ధతిలో ప్రభుత్వం పొలాలను కొలిచి, వాటిపై శిస్తు నిర్ణయించింది. ఇళ్ళు, పెరళ్ళు ఉండే గ్రామకంఠం సాధారణంగా ఈ శిస్తు పరిధిలోకి రాలేదు. శిస్తు లేని చోట ఏ పంట పండిందో రాసుకోవలసిన అవసరం కరణానికి కలగలేదు. పైగా పెరటి సాగు ఎక్కువగా స్త్రీల చేతి మీదుగా సాగేది. పండినది వంటింటికో, ఇరుగు పొరుగుకో చేరేది. కాబట్టి ఇక్కడ రికార్డు మౌనం పంట లేదనడానికి సాక్ష్యం కాదు. ఆ రికార్డు ఎవరి అవసరం కోసం తయారైందో ఆ మౌనం చెబుతుంది.

3. పేర్లలో దాగిన చరిత్ర

కంద చేమ కుటుంబానికి చెందిన మొక్క. పెండలం వేరే కుటుంబానికి చెందిన తీగ. రెండూ ఆసియాలో పాతకాలం నుంచి సాగులో ఉన్నవే. సంస్కృతంలో ‘కందం’ అంటే ఏ దుంపైనా కావచ్చు. ‘కందమూలాలు’ అన్న మాటలో ఆ విస్తృతార్థం నేటికీ నిలిచి ఉంది. కోస్తా వాడుకలో మాత్రం కంద అంటే ఒక్క దుంపే.

అమెరికా ఖండం నుంచి ఐరోపా వర్తకుల ద్వారా కొత్త దుంపలు వచ్చినపుడు, మనవారు వాటిని తెలిసిన పేర్లతోనే పిలిచారు. కాండం ముక్కను నాటితే పెరిగే కొత్త మొక్క కర్ర పెండలం అయింది. చిలగడదుంపను తెలంగాణలో చాలా చోట్ల కందగడ్డ అంటారు. కొత్త పంటకు పాత పేరు పెట్టారంటే, ఆ పాత పంట అప్పటికే జనానికి బాగా పరిచితమై ఉండాలి.

4. సాగు పద్ధతి

కందను వేసవి చివర, తొలకరికి ముందు నాటుతారు. దుంపను ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ మొలక భాగం ఉండేలా చూస్తారు. కోసిన ముఖాన్ని పేడ నీటిలో ముంచి ఆరనిస్తారు. గోతిలో మాగిన పశువుల ఎరువు, బూడిద వేసి, మొలక పైకి ఉండేలా పెట్టి, ఎండుటాకులు కప్పుతారు. గొడుగులాంటి ఆకు వచ్చాక నాటిన ముక్క క్రమంగా కరిగిపోయి, దాని స్థానంలో పెద్ద దుంప ఊరుతుంది. ఎనిమిది, తొమ్మిది నెలలకు ఆకు పసుపుబారి వాలిపోతే తవ్వడానికి సిద్ధమైనట్లే. గునపం దెబ్బ తగిలిన దుంప త్వరగా కుళ్ళుతుంది గనుక చుట్టూ మట్టి తీసి నెమ్మదిగా పెకలించాలి.

పెండలానికి పాకడానికి చెట్టో, పందిరో కావాలి. తీగ ఎండినపుడు తవ్వుతారు. ఈ రెండు దుంపలనూ వెంటనే తవ్వకుండా కొంతకాలం నేలలోనే ఉంచవచ్చు. ధాన్యం గాదె నిండుకొన్న ఇంటికి ఇది నేలలో దాచుకొన్న మరో గాదె.

5. పోలాల అమావాస్య: ఆచారం ఒక ఆధారం

కోస్తా జిల్లాల్లో శ్రావణ బహుళ అమావాస్యనాడు స్త్రీలు కంద మొక్కను పూజించి, పిల్లల క్షేమం కోరుకొంటారు. తొలకరికి నాటిన కంద శ్రావణానికి నిండు ఆకుతో ఉంటుంది. తల్లి దుంప చుట్టూ పిల్ల దుంపలు పుడతాయి. సంతానం కోరే పూజకు ఈ మొక్కను ఎంచుకోవడంలో సాగు అనుభవం కనిపిస్తుందని భావించవచ్చు. ఇది ఊహే అయినా, పంట కాలానికీ పండుగ కాలానికీ ఉన్న పొంతన దానికి బలమిస్తుంది.

‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అన్న సామెత కూడా ఇలాంటి ఆధారమే. కందలోని సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలే దురదకు కారణం. చేతికి నూనె రాసుకొని తరగడం, చింతపండుతో ఉడికించడం వంటింటి అనుభవం నేర్పిన ఉపాయాలు.

6. లిఖిత ఆధారాలు

18వ శతాబ్ది చివరలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట పెంచి, కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించాడు, చిత్రాలు గీయించాడు. వాటిలో కంద కూడా ఉంది. 1793లో అతను కలకత్తా తోటకు వెళ్ళాడు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాదు రాజ్యంలో పరిశోధించిన హైమెన్‌డార్ఫ్ 1943లో చెంచుల గురించి గ్రంథం ప్రచురించాడు. ఇనుప మొన బిగించిన తవ్వుకోలతో అడవి దుంపలు తవ్వుకొని జీవించిన కుటుంబాలను ఆయన వర్ణించాడు. వారికి దుంప కరవునాటి తిండి కాదు, రోజూ తినే తిండి. అందుకే 1882 మద్రాసు అటవీ చట్టం వంటి చట్టాలు అడవిపై ఆంక్షలు విధించినపుడు, అడవి మీద బతికేవారికి అది తిండి సమస్య కూడా అయింది. పెరడు ఉన్నవాడు దుంపను ఇంట్లో నాటుకోగలడు. అడవే పెరడైనవాడికి ఆ వీలు లేదు.

7. సారాంశం

1963లో తిరువనంతపురంలో కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ ఏర్పడింది. కొవ్వూరు ప్రాంతపు స్థానిక కంద నుంచి ఎంపిక చేసిన గజేంద్ర రకం ఇతర రాష్ట్రాలకూ వ్యాపించింది. అంటే శాస్త్రజ్ఞులు రకాన్ని ఎంచుకొనేనాటికే రైతు కుటుంబాలు దాన్ని కాపాడుకొంటూ వచ్చాయి. కాపాడినవారి పేర్లు మాత్రం ఏ పత్రంలోనూ లేవు. ఆ లోటును కొంతైనా పూరించాలంటే పేర్లు, ఆచారాలు, సామెతలు, పెద్దల జ్ఞాపకాలు చరిత్రకారుడికి అవసరం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గ్రామకంఠంలో పండిన పంటలు శిస్తు రికార్డులలో ఎందుకు కనిపించవు?
2. ‘కర్ర పెండలం’ అన్న పేరు చారిత్రక ఆధారం ఎలా అవుతుంది?
3. అటవీ చట్టాల ప్రభావం పెరడు ఉన్నవారిపై, అడవిపై ఆధారపడినవారిపై ఎందుకు ఒకేలా లేదు?

కృత్యం: మీ ఇంట్లోనో, ఊళ్ళోనో 70 ఏళ్ళు దాటిన ఒక స్త్రీని కలిసి, ఆమె చిన్ననాడు పెరట్లో ఏ దుంపలు నాటేవారో, విత్తనపు ముక్క ఎవరి దగ్గర నుంచి వచ్చేదో అడిగి ఒక పేజీలో రాయండి. తేదీ, ఊరి పేరు తప్పక వేయండి. రేపటి పరిశోధకులకు అదొక మూలాధారం కావచ్చు.