పి.వి. నరసింహారావు ఆర్థిక విధానాలు – గోదావరిఖని బొగ్గు ప్రాంతం

మాజీ ప్రధాని పి.వి. నరసింహారావు (1921–2004) ఆర్థిక విధానాల మంచిచెడ్డల మీద దేశమంతటా వాదన ఉంది. పెద్దపల్లి జిల్లాలోని గోదావరిఖని–రామగుండం బొగ్గు ప్రాంతంలో అది ఇంకా సూటిగా సాగుతుంది. ఇక్కడివాళ్లకు ఆయన ఎక్కడో ఢిల్లీలో ఉన్న నాయకుడు కాదు. పొరుగునే ఉన్న మంథని నుంచి 1957, 1962, 1967, 1972 ఎన్నికల్లో వరసగా నాలుగుసార్లు శాసనసభకు గెలిచి, 1971 సెప్టెంబరు నుంచి 1973 జనవరి దాకా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా చేసిన మనిషి. సింగరేణి రామగుండం–3 ఏరియాలోని సెంటినరీ కాలనీ నేడు ఆ మంథని నియోజకవర్గంలోదే. ఆయన 1991 జూన్ 21 నుంచి 1996 మే 16 దాకా ప్రధానిగా ఉన్నారు. ఆ ఐదేళ్లలోనే సింగరేణి కాలరీస్ ఖాయిలా పరిశ్రమల జాబితాకెక్కింది, రామగుండం ఎరువుల కర్మాగారమూ అదే దారి పట్టింది. ఆ సంస్కరణలే బొగ్గుబాయి కుటుంబాల పొట్టకొట్టాయని ఒక పక్షం అంటుంది. ఆయన లేకపోతే దేశమే దివాలా తీసేది, సింగరేణి నష్టాలు అంతకు ముందరివి అని రెండో పక్షం అంటుంది. 2024లో ఆయనకు భారతరత్న ఇచ్చినప్పుడు ఈ రెండు మాటలూ మళ్లీ వినిపించాయి. రెండు పక్షాలూ బాధ్యతను ఒకే ముద్దగా చేసి, ఒకరి నెత్తిన పెట్టడమో ఒకరి మీద నుంచి దించడమో చేస్తున్నాయి. అసలు చూడాల్సింది ఏ నిర్ణయం ఏ సంవత్సరంలో, దేని తర్వాత జరిగిందన్నది. అలా చూస్తే పి.వి. ప్రభుత్వం చేసిన తప్పు సంస్కరణ కాదు, సంస్కరణలోని వరస. కంపెనీ లెక్కను బజారు కొలతతో కొలవడం ముందు మొదలైంది, ఆ కంపెనీకి తన సరుకు ధర తాను పెట్టుకునే హక్కు చాలా ఆలస్యంగా వచ్చింది.

ఈ మాట నిలబడాలంటే 1991 నాటి సింగరేణి ఎలాంటి కంపెనీయో తెలియాలి. 1871లో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ బొగ్గును గుర్తించాక, 1889లో తవ్వకం మొదలయ్యాక, 1920 డిసెంబరు 23న ఈ పేరుతో కంపెనీ ఏర్పడింది. 1945లో మెజారిటీ వాటాలు నిజాం ప్రభుత్వం చేతికి వచ్చాయి. తర్వాత రాష్ట్ర ప్రభుత్వానికి 51, కేంద్రానికి 49 శాతం అన్న పద్ధతి స్థిరపడింది. రామగుండం వైపు గనులు 1960ల మొదట్లో తెరుచుకున్నాయి, ఆ బాయిల చుట్టూనే గోదావరిఖని పట్టణం పెరిగింది. 1990–91 నాటికి కంపెనీలో 1 లక్షా 16 వేల మంది పనిచేస్తుండగా ఏటా తీసే బొగ్గు 1.8 కోట్ల టన్నులకు మించలేదు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి, మనుషులు ఎక్కువ, పని తక్కువ అని తీర్పు చెప్పేవాళ్లు చాలామంది. కానీ ఆ రోజుల్లో సింగరేణి బొగ్గు ధరను నిర్ణయించింది కంపెనీ కాదు, కొలియరీ కంట్రోల్ ఆర్డర్ కింద కేంద్ర ప్రభుత్వం. కార్మికుడి జీతాన్నీ కంపెనీ ఒంటరిగా నిర్ణయించలేదు. కోల్ ఇండియాతో కలిపి దేశమంతటికీ ఒకటే వేతన ఒప్పందం, ఐదో ఒప్పందం 1991 జూలై 1 నుంచి వర్తించింది. కొనేది ఎక్కువగా ప్రభుత్వ విద్యుత్ సంస్థలే. 1983 నుంచి దశాబ్దం చివరికి రామగుండం ఎన్‌టీపీసీ 2100 మెగావాట్లకు చేరింది. అక్కడి కరెంటు దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ పోయింది. చౌక బొగ్గు వల్ల చౌక కరెంటు వచ్చింది. ఆ చౌకదనపు భారం కొంత సింగరేణి పద్దులో నష్టమై కూర్చుంది. ఆదాయం, జీతాల ఖర్చు రెండూ బయట తేలే సంస్థలో మిగిలే నష్టాన్ని యాజమాన్యం చేతగానితనమనో కార్మికుడి సోమరితనమనో అనడం అన్యాయం.

1991 జూలై 24న వచ్చిన పారిశ్రామిక విధానం ప్రభుత్వరంగ సంస్థలకు కొత్త కొలత తెచ్చింది. 1985 నాటి ఖాయిలా పరిశ్రమల చట్టం అప్పటిదాకా ప్రైవేటు కంపెనీలకే వర్తించేది. 1991 డిసెంబరులో దాన్ని సవరించి ప్రభుత్వ కంపెనీలనూ పారిశ్రామిక, ఆర్థిక పునర్నిర్మాణ మండలి (బీఐఎఫ్‌ఆర్) ముందుకు తెచ్చారు. మరుసటి ఏడాది 1992లోనే సింగరేణి అక్కడికి చేరింది. బయటపడిందనుకున్నాక 1996లో మళ్లీ వెళ్లింది. పేరుకుపోయిన నష్టం అప్పటికి 1200 కోట్ల రూపాయలు దాటింది. ఇక ధరల సంగతి. బొగ్గు ధరల మీద కేంద్రం పట్టు సడలడం మొదలైంది 1996 మార్చి 22న, అంటే పి.వి. గద్దె దిగడానికి రెండు నెలల లోపు. అదీ పై గ్రేడ్ల నాన్-కోకింగ్ బొగ్గుకూ కోకింగ్ బొగ్గుకూ మాత్రమే. డి గ్రేడుకు 1997 మార్చిలో, విద్యుత్ కేంద్రాలు కాల్చే తక్కువ గ్రేడ్లకు 2000 జనవరి 1 నుంచి పూర్తి స్వేచ్ఛ వచ్చింది. ఎన్‌టీపీసీకి పోయే బొగ్గు ఈ తక్కువ గ్రేడుదే. కంపెనీని రోగి అని ప్రకటించిన నాటికీ, దాని ప్రధాన సరుకుకు ధర విడుదలైన నాటికీ నడుమ ఎనిమిదేళ్లు గడిచాయి. ఆ ఎనిమిదిలో నాలుగేళ్లకు పైగా బాధ్యత నేరుగా పి.వి. ప్రభుత్వానిదే. నరసింహారావు మీద గట్టిగా మోపదగిన అభియోగం ఇదే.

ఎరువుల కర్మాగారం కథ వేరు, దాన్ని సింగరేణితో కలిపి చెప్పడం వల్లే వాదన పాడవుతోంది. భారత ఎరువుల సంస్థ రామగుండం యూనిట్ 1980 నవంబరులో ఉత్పత్తి మొదలుపెట్టింది. గ్యాసు, నాఫ్తా కాకుండా బొగ్గును గ్యాసుగా మార్చి యూరియా చేసే కర్మాగారం, ఒరిస్సాలోని తాల్చేరుతో జంటగా. బూడిద ఎక్కువుండే ఇక్కడి బొగ్గు ఆ యంత్రాలకు సరిపడలేదు. బయటి నుంచి వచ్చే కరెంటు ఆగిందంటే గ్యాసు తయారీ ఆగేది, మళ్లీ రాజేసి దారికి తెచ్చేసరికి నష్టం. యూరియాకు 1977 నుంచి ప్రతి కర్మాగారానికీ దాని ఖర్చును బట్టి ప్రభుత్వం ధర కట్టిచ్చే పద్ధతి ఉండేది. అయితే ఆ లెక్క సామర్థ్యంలో ఇంత శాతం నడుస్తుందన్న అంచనా మీద ఉండేది. ఆ శాతాన్ని ఎన్నడూ అందుకోని రామగుండానికి ఆ రక్షణ చాలలేదు. 1991 బడ్జెట్లో ఎరువుల ధర 40 శాతం పెంచి తర్వాత 30కి తగ్గించినా, 1992లో ఫాస్ఫేటు, పొటాష్ ఎరువుల మీద అదుపు ఎత్తేసినా, యూరియా మాత్రం అదుపులోనే మిగిలింది. కాబట్టి సరళీకరణ ఈ కర్మాగారాన్ని చంపిందనే మాట ఆధారాలకు ఆగదు. ఇది పుట్టుకలోనే లోపంతో వచ్చింది. పి.వి. ప్రభుత్వం తప్పు ఇక్కడ మరో రకం. 1992 నవంబరులో సంస్థను ఖాయిలాగా తేల్చాక, 1995లో పునరుద్ధరణకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక కూడా డబ్బు సమకూర్చలేదు, మూయనూ లేదు. నాన్చి నాన్చి 1999 మార్చి 31న, వేరే ప్రభుత్వం ఉండగా, ఉత్పత్తి ఆగిపోయింది. అదే స్థలంలో గ్యాసు ఆధారంగా రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ సంస్థ ఉత్పత్తి మొదలుపెట్టే నాటికి 2021 వచ్చింది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా సామర్థ్యం. ఆ ఇరవై రెండేళ్ల ఖాళీకి ఆరుగురు ప్రధానులు తలా ఇంత బాధ్యులు, అందులో ప్రధాన వాటా పి.వి.కి కట్టడం సబబు కాదు.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం: 1991లో వరస ఎంచుకునే తీరిక ఎవరికుంది? విదేశీ మారకద్రవ్యం రెండు వారాల దిగుమతులకు సరిపడా మాత్రమే మిగిలింది. జూలై మొదటి మూడు రోజుల్లో రూపాయి విలువను రెండుసార్లు తగ్గించారు, దాదాపు 47 టన్నుల బంగారాన్ని తాకట్టుకు విదేశాలకు పంపారు. నిజమే, ఆ వేసవిలో ఆయన చేసిన పనిని తక్కువ చేయడానికి వీల్లేదు. మైనారిటీ ప్రభుత్వంతో, మన్మోహన్ సింగ్‌ను ఆర్థికమంత్రిగా నిలబెట్టి చేశారు. కానీ ఆ ఒత్తిడి డాలర్లది. కోల్‌బెల్టు బొగ్గు ధరకు డాలరుతో పనిలేదు. మారక ద్రవ్య సంకటం 1993 నాటికే తీరింది. ఆ తర్వాత కూడా మూడేళ్లు బొగ్గు ధర ముడి విప్పకపోవడానికి కారణం విద్యుత్ బోర్డులు, ఆ బోర్డుల వెనకనున్న ఓట్లు. ఆ రాజకీయం అర్థం చేసుకోదగిందే. అయితే దాని ఖరీదు ఎవరు కట్టారో కూడా చెప్పాలి.

రెండో అభ్యంతరం మరింత బలమైంది: నష్టాలకు కారణం ధర కాదు, సమ్మెలు, మిగులు కార్మికులు అని. 1981లో 56 రోజుల సమ్మె నడిచిన చోటు ఇది. ఒక రోజు పని మానితే ఎనిమిది రోజుల జీతం కోసే నిబంధన మీద తిరగబడ్డ సమ్మె అది. అదే ఏడాది పుట్టిన సింగరేణి కార్మిక సమాఖ్య (సికాస) ప్రభావంతో 1990ల మొదట్లో ఏటా వందల సమ్మెలు జరిగాయి. 1992లో నక్సలైటు పార్టీ పీపుల్స్‌వార్‌తోపాటు దాన్నీ నిషేధించారు. ఈ గొడవల వల్ల ఉత్పత్తి పోయిందనడంలో అబద్ధం లేదు. కానీ 1998 సెప్టెంబరులో రహస్య ఓటుతో గుర్తింపు సంఘం ఎన్నిక పెట్టి, ఎవరితో మాట్లాడాలో తేల్చాక సమ్మెలు పడిపోయాయి. ఆ మందు 1992లోనూ అందుబాటులో ఉన్నదే. మిగులు అన్న మాటనైతే దగ్గరగా చూడాలి. కోల్ ఫిల్లర్ అంటే బాంబు పేలాక పైకప్పు కింద వంగి, చెమ్మాసుతో బొగ్గు తట్టకెత్తి, తట్ట మోసుకెళ్లి టబ్బు నింపేవాడు. నింపిన టబ్బును బట్టి కూలి. ఊపిరాడని వేడిలో అంత పని చేసే మనిషిని మిగులు అని పిలిచింది లెక్కల పుస్తకం. అతని చోట బొగ్గెత్తే ఎస్‌డీఎల్ యంత్రం వచ్చింది, ఇంక్లైన్ల (భూగర్భ గనుల) పక్కన ఓపెన్‌కాస్టులు విస్తరించాయి. మొత్తం మీద కార్మికులు 40 వేలకు తగ్గి, 2023–24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులకు చేరింది. బొగ్గు పెరిగింది కాబట్టి సంస్కరణ గెలిచిందనేవాళ్లు, ఆ పెరుగుదల ఎక్కువగా ఓపెన్‌కాస్టుల నుంచి వచ్చిందనీ, మట్టి తీసే పనిలో వేలాది కాంట్రాక్టు కార్మికులు పర్మినెంటు లెక్కలోకి రాకుండా పనిచేస్తున్నారనీ చెప్పరు.

మూడో అభ్యంతరం కాలానిది. ఉద్యోగాలు కోసింది, వారసత్వ ఉద్యోగాలు 1998లో ఆపింది తెలుగుదేశం ప్రభుత్వ కాలంలో కదా, పి.వి.ని ఎందుకనడం? నిజానికి 51 శాతం వాటా ఉన్న రాష్ట్ర ప్రభుత్వమే నిత్య యజమాని. స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెట్టడమైనా, తండ్రి చోట కొడుకుకు పని ఇచ్చే పద్ధతిని ఆపడమైనా హైదరాబాదు నిర్ణయాలే. వాటిని పి.వి. ఖాతాలో వేయడం చరిత్రకు ద్రోహం. అలాగే ఆయన మంత్రివర్గంలోని పెద్దపల్లి ఎంపీ గడ్డం వెంకటస్వామి, ఇక్కడివాళ్లు పిలిచే కాకా, సింగరేణిని మూతపడనీయకుండా చూశారన్న పేరు కోల్‌బెల్టులో ఇప్పటికీ ఉంది. ఆ ప్రభుత్వం గురించి రాసేటప్పుడు దాన్నీ దాచకూడదు. 1996 తర్వాత అప్పుల మీద వడ్డీ వెసులుబాట్లు, ధరల విడుదల కలిసి కంపెనీని లాభాల్లోకి తెచ్చాయి. ఈ వెసులుబాటు 1992లోనే దొరికి ఉంటే కంపెనీ రెండోసారి బీఐఎఫ్‌ఆర్ మెట్లెక్కేదా అన్న ప్రశ్నకు, పైన చెప్పిన తేదీలు చూసినవారెవరూ అవునని నమ్మకంగా చెప్పలేరు.  ఈ నిర్ణయాలు తమవేనని ఇక్కడ ఎవరూ బాహాటంగా అనలేదు. అందుకే బాధ్యత ఎవరిదో ముప్పై ఏళ్లయినా తేలలేదు.

బొగ్గు బ్లాకుల వేలం మీద ఇప్పటి తగాదాలో మరో పద్దు ఉంది. 1993 జూన్‌లో బొగ్గు జాతీయీకరణ చట్టాన్ని సవరించి, విద్యుత్ ఉత్పత్తి కంపెనీలు సొంత వాడకానికి గనులు తవ్వుకునే వీలు పి.వి. ప్రభుత్వమే కల్పించింది. ఆ దారిలో సాగిన కేటాయింపుల్లో 1993–2010 మధ్యవి 204ను 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రద్దు చేసింది. పి.వి. ఒకప్పటి నియోజకవర్గంలోని తాడిచర్ల బొగ్గు సింగరేణికి కాక రాష్ట్ర విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్‌కోకు దక్కింది, తవ్వింది ప్రైవేటు కాంట్రాక్టరు. కానీ 2021 డిసెంబరు 9 నుంచి మూడు రోజులు కార్మికులు సమ్మె చేసింది కోయగూడెం, సత్తుపల్లి, శ్రావణపల్లి, కళ్యాణిఖని బ్లాకుల వేలం మీద. ఆ వేలం నరేంద్ర మోదీ ప్రభుత్వం పెట్టింది. ప్రైవేటు వాడకానికి తలుపు తీసినవారు, బజారులో అమ్ముకునే వేలం పెట్టినవారు ఒకరు కారు. 2024 జూన్ 21న హైదరాబాదులో మొదలైన వేలం విడతలోనూ శ్రావణపల్లి ఉంది. ఆ బ్లాకు సింగరేణికే నేరుగా ఇవ్వాలన్నది కార్మిక సంఘాల డిమాండు.