గ్రాఫు చిత్రాల నుండి సంఖ్యల సేకరణ

గ్రాఫు చిత్రాల నుండి సంఖ్యల సేకరణ అనగా బొమ్మ రూపంలో మాత్రమే లభించే గ్రాఫులోని గీతలను, చుక్కలను, కడ్డీలను కొలిచి తిరిగి సంఖ్యల పట్టికగా మార్చే పద్ధతి. మూల పట్టిక దొరకనపుడు ఇది అవసరమవుతుంది. పూర్వం ఈ పనిని స్కేలు, గళ్ళ కాగితం సాయంతో చేసేవారు. ప్రస్తుతం కంప్యూటరు సాధనాలు, ఏఐ (కృత్రిమ మేధ) సాధనాలు వాడుకలో ఉన్నాయి. గోదావరి వరద గ్రాఫులు ఈ పద్ధతికి తగిన ఉదాహరణ.

కోనసీమ - వరద గ్రాఫులు

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలు గల కోనసీమ గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల నడుమ ఉన్నది. వసిష్ఠ నుండి చీలిన వైనతేయ ఈ ప్రాంతం గుండా ప్రవహిస్తుంది. ఇక్కడి లంక గ్రామాలకు వరద హెచ్చరికలు ధవళేశ్వరం బ్యారేజి వద్ద నీటిమట్టాన్ని బట్టి జారీ అవుతాయి.

* మొదటి హెచ్చరిక: 11.75 అడుగులు, సుమారు 10 లక్షల క్యూసెక్కులు
* రెండవ హెచ్చరిక: 13.75 అడుగులు, సుమారు 13 లక్షల క్యూసెక్కులు
* మూడవ హెచ్చరిక: 17.75 అడుగులు, సుమారు 17 లక్షల క్యూసెక్కులు

ఈ లెక్కన మొదటి, రెండవ హెచ్చరికల మధ్య ఒక అడుగు తేడా సుమారు లక్షన్నర క్యూసెక్కులకు సమానం. కనుక గ్రాఫును ఒక అడుగు తప్పుగా చదివితే ప్రవాహపు అంచనా ఎంతో మారిపోతుంది. 1986 ఆగష్టు వరదలో ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులకు చేరగా, 2022 జూలై వరదలో 25 లక్షలు దాటినది. ఇటువంటి వరదలు ఎంత వేగంగా పెరిగి తగ్గినవో పోల్చడానికి గంటల వారీ అంకెలు కావాలి.

పద్ధతి

ముందుగా ఒక్కొక్క అక్షంపై విలువ తెలిసిన రెండు బిందువులను గుర్తించాలి. ఉదాహరణకు ఒక చిత్రంలో 10 అడుగుల గుర్తు పైనుండి 400వ పిక్సెలు వద్ద, 20 అడుగుల గుర్తు 100వ పిక్సెలు వద్ద ఉన్నవనుకొందాం. అపుడు 30 పిక్సెళ్ళు ఒక అడుగుకు సమానం. 220వ పిక్సెలు వద్ద ఉన్న బిందువు విలువ 16 అడుగులు అవుతుంది. అంకిత్ రోహత్గి రూపొందించిన వెబ్‌ప్లాట్‌డిజిటైజర్ ఈ సూత్రంపైనే పనిచేస్తుంది.

ఏఐ సాధనాలు అక్షాలను, అంకెలను, గీతలను స్వయంగా గుర్తించడానికి ప్రయత్నిస్తాయి. 2020లో ప్రచురితమైన ప్లాట్‌క్యూఏ అనే దత్తాంశ సముదాయంలో 2 లక్షలకు పైగా గ్రాఫులు ఉన్నాయి. దీనిని ఐఐటీ మద్రాసు పరిశోధకులు రూపొందించారు. 2023లో ప్రచురితమైన గూగుల్ వారి డీప్లాట్ గ్రాఫు చిత్రాన్ని నేరుగా పట్టికగా మారుస్తుంది.

దోషాలు

* ఒకే చిత్రంలో ఎడమ అక్షంపై నీటిమట్టం, కుడి అక్షంపై ప్రవాహం ఉన్నపుడు ఒకదానిని మరొకటిగా చదవడం.
* ప్రమాణాలను తారుమారు చేయడం. బ్యారేజి మట్టాన్ని అడుగులలో చెబుతారు. కేంద్ర జల సంఘం సముద్రమట్టం నుండి మీటర్లలో ఇస్తుంది.
* సున్నాతో మొదలుకాని అక్షాన్ని, లాగరిథమిక్ అక్షాన్ని సాధారణ అక్షంగా భావించడం.
* బిందువుల వద్ద అంకెలు ముద్రించి లేనపుడు, సంభాషణ రూపంలో పనిచేసే ఏఐ సాధనాలు కొలవకుండానే నమ్మదగినట్లు కనిపించే సంఖ్యలను ఇవ్వడం. ఇది అన్నిటికంటె ప్రమాదకరం, ఎందుకంటే పట్టికను చూచినంత మాత్రాన తప్పు బయటపడదు.

సరిచూచుట

వచ్చిన పట్టికతో తిరిగి గ్రాఫు గీసి, మూల చిత్రంపై ఉంచి చూడాలి. గరిష్ఠ మట్టం వంటి ప్రకటిత విలువలతో పోల్చాలి. ఒక పిక్సెలు ఎంత విలువకు సమానమో పట్టికతో పాటు తెలపాలి. పై ఉదాహరణలో అది 0.03 అడుగులు. ఇలా సేకరించిన సంఖ్యలు గత వరదల అధ్యయనానికి ఉపయోగిస్తాయి. వరద సమయంలో మనుషులను, పశువులను తరలించే నిర్ణయానికి మాత్రం అధికారులు ప్రకటించే అంకెలే ఆధారం కావాలి.

ఇవి కూడా చూడండి

* కోనసీమ
* ధవళేశ్వరం
* గోదావరి